మరో అటెంప్టా, మరో దారా?

సివిల్స్ 2023 ప్రిలిమ్స్ జరిగింది ఆ ఏడాది మే 28న. తుది ఫలితాలు వచ్చింది 2024 ఏప్రిల్ 16న. చివరి మెట్టు దాకా వెళ్లినవారికి ఒక్క అటెంప్ట్ పదిన్నర నెలలు తినేసింది. ఈ తేదీల మధ్య ఇంకో తేదీ ఉంది. తర్వాతి ఏడాది నోటిఫికేషన్ ఫిబ్రవరి 14నే వెలువడింది, దరఖాస్తు గడువు మార్చి మొదటి వారంలో ముగిసిపోయింది. అప్పటికి ఇంటర్వ్యూలు ఇంకా నడుస్తూనే ఉన్నాయి. అంటే ఢిల్లీ వెళ్లి ఇంటర్వ్యూ ఇచ్చి వచ్చిన అభ్యర్థి తన సంగతి ఏమైందో తెలియకముందే మళ్లీ ఫారం నింపాలి. పుస్తకాలు కట్టగట్టి పక్కన పెట్టే వీలుండదు, ధైర్యంగా వేరే పనిలో చేరే వీలూ ఉండదు.

ఫలితానికీ ఫారానికీ మధ్య ఆగి ఆలోచించుకునే రోజును ఈ క్యాలెండర్ ఎవరికీ ఇవ్వదు. అశోక్‌నగర్‌లోనో, దిల్‌సుఖ్‌నగర్‌లోనో, ఢిల్లీ రాజిందర్ నగర్‌లోనో గది తీసుకుని చదువుతున్నవారిలో చాలామందికి నాలుగో అటెంప్ట్, అయిదో అటెంప్ట్ అలాగే వచ్చి మీద పడతాయి. ఫారం వచ్చింది, నింపారు, ఇంకో ఏడాది వెళ్లిపోయింది. అందులో నిర్ణయం అనదగ్గది ఏదీ లేదు. ఈ అధ్యాయంలో ప్రిపరేషన్ మానేయమనీ చెప్పను, పట్టు వదలొద్దనీ చెప్పను. చెప్పదలచుకున్నది ఒక్కటే. ఇప్పటిదాకా ఎన్నేళ్లు పెట్టామన్నది గానీ, పక్క గది అతనికి ఎన్నో అటెంప్ట్‌లో వచ్చిందన్నది గానీ ఈ విషయాన్ని తేల్చకూడదు. వచ్చే అటెంప్ట్‌లో మీ విషయంలో ఏం మారబోతోంది, మారుతుందనడానికి మీ దగ్గర ఏ ఆధారం ఉంది అన్నదాన్ని బట్టే అది తేలాలి. ఆ కొలతను పరీక్షకు ముందే కాగితం మీద పెట్టాలి. ఫలితం చూశాక పెట్టుకునే కొలత ఆ రోజు మన బాధకో ఆశకో తగ్గట్టు వంగిపోతుంది.

పోయిన ఏళ్లు మనల్ని ఎంత గట్టిగా పట్టుకుంటాయో 1985లో హాల్ ఆర్క్స్, క్యాథరీన్ బ్లూమర్ అనే మనస్తత్వ శాస్త్ర పరిశోధకులు చూపించారు. అమెరికాలోని ఒహైయో యూనివర్సిటీ నాటకశాలలో సీజన్ టికెట్లు కొనడానికి వచ్చినవారిలో కొందరికి పూర్తి ధర, అంటే 15 డాలర్లకు టికెట్ ఇచ్చారు. ఇంకొందరికి అప్పటికప్పుడు తగ్గింపు ధరకు ఇచ్చారు. తగ్గింపు ఎవరికి దక్కాలన్నది కేవలం అదృష్టం మీద వదిలేశారు. నాటకాలు అందరికీ అవే. అయినా సీజన్ తొలి సగంలో పూర్తి ధర పెట్టినవాళ్లే ఎక్కువ నాటకాలకు వచ్చారు. ఆ డబ్బు ఎలాగూ తిరిగి రాదు. నాటకానికి వెళ్తే రాదు, వెళ్లకపోయినా రాదు. అయినా ఇచ్చేశాం కాబట్టి వెళ్లాలి అనిపించింది. పదిహేను డాలర్లే మనిషిని ఇలా లాగగలిగితే ఇరవై మూడో ఏట నుంచి ఇరవై తొమ్మిదో ఏట దాకా పెట్టిన ఆరేళ్లు ఎంత లాగుతాయో ఆలోచించండి. పైగా ఆ ఆరేళ్లలో నాన్న తెచ్చిన అప్పు ఉంటుంది, వదులుకున్న క్యాంపస్ ఉద్యోగం ఉంటుంది, వాయిదా వేసిన పెళ్లి ఉంటుంది. ‘ఇంత చేసి ఇప్పుడు వదిలేస్తే ఇదంతా వృథాయేగా’ అన్న మాట అక్కడి నుంచే పుడుతుంది. ఆ ఏళ్లు వృథా అయ్యాయా లేదా అన్నది వచ్చే ఏడాది మీరు ఏం చేస్తారన్నదానితో మారదు. పరీక్ష గురించి, మీ గురించి అవి మీకు ఏం తెలిపాయో దాని వరకే వాటితో పని.

పోయిన ఏళ్లే కాదు, రాబోయేదన్న ఆశ కూడా మనిషిని ఇలాగే పట్టి ఉంచుతుంది. దానికి మన పక్క రాష్ట్రంలోనే పెద్ద సాక్ష్యం ఉంది. 2001 నుంచి సుమారు అయిదేళ్ల పాటు తమిళనాడు ప్రభుత్వం ఖర్చు తగ్గించుకునేందుకు చాలా రకాల నియామకాలు నిలిపేసింది. ఖాళీలు లేనప్పుడు చదువుకున్న కుర్రాళ్లు ప్రైవేటు ఉద్యోగాల వైపు మళ్లుతారని ఎవరైనా అనుకుంటారు. ఆర్థికవేత్త కునాల్ మంగళ్ లెక్కలు తీసి చూస్తే జరిగింది అందుకు పూర్తిగా వ్యతిరేకం. ఆ కాలంలో డిగ్రీ పూర్తి చేసిన మగపిల్లలు పనిలో చేరడం తగ్గింది. ఏ ఉద్యోగమూ చేయకుండా పోటీ పరీక్షలకు చదువుతూ ఉండిపోయే కాలం పెరిగింది. ఆ నిలుపుదల ముగిసి పదేళ్లు గడిచాక కూడా ఆ బ్యాచ్‌ల సంపాదన శక్తి తక్కువగానే ఉంది, సొంత కాపురం పెట్టుకోవడమూ ఆలస్యమైంది. ఈ ఫలితం దగ్గర నేను కాస్త ఆగుతాను, ఎందుకంటే ఇది మన సహజమైన ఊహను తలకిందులు చేస్తుంది. దారి మూసుకుపోతుంటే జనం వెనక్కి తిరగలేదు, తలుపు ముందే ఇంకొంచెం సేపు నిలబడ్డారు. అనిశ్చితి మనిషిని తనంతట తానుగా వేరే దారికి మళ్లించదు. ‘ఈసారి ఆగింది కాబట్టి వచ్చేసారి పెద్ద నోటిఫికేషన్ పడుతుంది’ అన్న ఆశను అది పెంచుతుంది, ఆ ఆశ ఏళ్లను తింటుంది.

తెలంగాణ గ్రూప్-1 అభ్యర్థులకు ఈ మాట కొత్తగా చెప్పక్కర్లేదు. రాష్ట్రం వచ్చాక తొలి గ్రూప్-1 నోటిఫికేషన్ 2022 ఏప్రిల్‌లో 503 పోస్టులతో వచ్చింది. అక్టోబరు 16న ప్రిలిమ్స్ జరిగింది. ప్రశ్నపత్రాల లీకేజీ బయటపడి 2023 మార్చిలో అది రద్దయింది. జూన్ 11న మళ్లీ రాశారు, సెప్టెంబరులో హైకోర్టు దాన్నీ రద్దు చేసింది. 2024 ఫిబ్రవరిలో పాత నోటిఫికేషన్ తీసేసి 563 పోస్టులతో కొత్తది ఇచ్చారు. జూన్ 9న మూడోసారి ప్రిలిమ్స్, అక్టోబరులో మెయిన్స్, ఆ పైన కోర్టు కేసులు, 2025 సెప్టెంబరు చివర్లో నియామక పత్రాలు. గ్రూప్-2ది ఇంకో రకం కథ. 2022 డిసెంబరులో నోటిఫికేషన్, వాయిదా మీద వాయిదా పడి పరీక్ష జరిగింది 2024 డిసెంబరులో. ‘నా తప్పేం లేకుండా మూడేళ్లు పోయాయి, నాకు న్యాయంగా ఒక్క పరీక్షయినా దక్కాలి కదా’ అని ఎవరైనా అడిగితే ఆ ప్రశ్నలో న్యాయం ఉంది. ఆ కోపం సరైనదే, దాన్ని ప్రభుత్వాల ముందు పెట్టాల్సిందే. అయితే వ్యవస్థ మీకు బాకీ పడిన మూడేళ్లను మీ ఇంకో మూడేళ్లతో వసూలు చేసుకోలేరు. ఇక్కడ రెండు ప్రశ్నలున్నాయి. నాకు అన్యాయం జరిగిందా అన్నది మొదటిది. వచ్చే ఏడాది నేను ఏం చేయాలి అన్నది రెండోది. మొదటిదానికి అవును అని జవాబు వచ్చినంత మాత్రాన రెండోదానికి జవాబు దొరికినట్టు కాదు.

ఇక అంకెలు. అందరూ చెప్పుకునే అంకె భయపెట్టేది. సివిల్స్ 2023 ప్రిలిమ్స్‌కు హాజరైంది 5,92,141 మంది, చివరికి ఎంపికైంది 1,016 మంది. అంటే సుమారు 580 మందిలో ఒకరు. కానీ ఆ అంకె మీ గురించి ఏమీ చెప్పదు. అదే లెక్కను మెట్లుగా విడదీసి చూడండి. మెయిన్స్‌కు వెళ్లింది 14,624 మంది, అంటే రాసినవారిలో నలభై మందికి ఒకరు. ఇంటర్వ్యూకు వెళ్లింది 2,855 మంది. మెయిన్స్ దాకా వెళ్లినవారిలో చివరికి ఎంపికైంది సుమారు పద్నాలుగు మందికి ఒకరు, ఇంటర్వ్యూ దాకా వెళ్లినవారిలో ముగ్గురికి ఒకరి కన్నా కాస్త ఎక్కువ. మూడుసార్లు ప్రిలిమ్స్‌లోనే పోయినవారూ, రెండుసార్లు ఇంటర్వ్యూలో పోయినవారూ బంధువుల కంటికి ఒక్కటే, ఇద్దరూ ‘రానివాళ్లే’. కానీ ఆ ఇద్దరికీ ఒకే సలహా ఇవ్వడం అన్యాయం. మూడుసార్లు తొలి మెట్టే దాటనివారు తమ చదివే పద్ధతిని మొదటి నుంచి అనుమానించాలి. ఇంటర్వ్యూలో పోయినవారు తమ మార్కుల మెమో ముందు పెట్టుకుని లోటు 275 మార్కుల ఇంటర్వ్యూలో ఉందా, 1,750 మార్కుల మెయిన్స్‌లో ఉందా చూసుకోవాలి.

మార్కులు చూడటంలోనూ ఒక చిక్కుంది. ప్రిలిమ్స్ జనరల్ కటాఫ్ 2019లో 98, 2020లో 92.51, 2021లో 87.54, 2022లో 88.22, 2023లో 75.41. పేపర్ కష్టాన్ని బట్టి అది ఇంతగా ఊగుతుంది. జనరల్ కేటగిరీలో ఒకరికి 2022లో 84 వచ్చాయి, 2023లో 78 వచ్చాయి అనుకుందాం. విడిగా చూస్తే ఆరు మార్కులు పడిపోయారు. కటాఫ్‌తో పోల్చి చూస్తే నాలుగు మార్కుల దూరంలో ఆగినవారు రెండున్నర మార్కుల పైకి వచ్చారు. అందుకే ప్రతి అటెంప్ట్‌కూ మీ మార్కు పక్కన ఆ ఏటి కటాఫ్ రాసి, ఆ రెండింటి మధ్య తేడా ఎటు నడుస్తోందో చూడండి. రెండేళ్లుగా దూరం తగ్గుతూ వస్తుంటే అది ఆధారం. దూరం మూడేళ్లుగా అక్కడక్కడే ఉంటే అదీ ఆధారమే, మనసుకు నచ్చకపోయినా. జనరల్ స్టడీస్‌లో కటాఫ్ దాటి, 33 శాతం తెచ్చుకుంటే చాలనే సీశాట్‌లో పోతున్నవారిది పూర్తిగా వేరే జబ్బు. వాళ్లు లక్ష్మీకాంత్ పాలిటీ పుస్తకాన్ని అయిదోసారి తిరగేస్తే రోగం ఒకచోట, మందు ఒకచోట అవుతుంది.

వచ్చేసారి ఏం మారుస్తారు అని అడిగితే ‘ఇంకా గట్టిగా చదువుతా’ అన్న జవాబు ఎక్కువగా వినిపిస్తుంది. దాన్ని మార్పుగా లెక్కపెట్టలేం, ఎందుకంటే పోయినసారీ అదే అనుకున్నారు. ఆప్షనల్ మార్చడం ఒక మార్పు. రాసిన జవాబులను మొహమాటం లేకుండా దిద్దే మనిషిని వెతుక్కోవడం ఒక మార్పు. రోజూ గంట లెక్కలు చేయడం ఒక మార్పు. పేరు పెట్టి చెప్పగలిగి, మూడు నెలల్లో టెస్ట్ సిరీస్ మార్కుల్లో కనిపించగలిగేదే మార్పు. అలాంటిది ఒక్కటైనా చెప్పలేకపోతే వచ్చే అటెంప్ట్ పాత అటెంప్ట్‌కే నకలు అవుతుంది.

దీనికి వచ్చే మొదటి అభ్యంతరం విజేతల పేర్లతో వస్తుంది. జగిత్యాల జిల్లా మెట్‌పల్లికి చెందిన దురిశెట్టి అనుదీప్‌కు సివిల్స్ 2017లో మొదటి ర్యాంకు వచ్చింది అయిదో అటెంప్ట్‌లో. శ్రీకాకుళం జిల్లాకు చెందిన రోణంకి గోపాలకృష్ణ తెలుగు సాహిత్యం ఆప్షనల్‌గా 2016లో మూడో ర్యాంకు తెచ్చుకున్నారు. వీళ్లు మధ్యలో ఆపేసి ఉంటే? ఈ ప్రశ్నను తేలిగ్గా కొట్టిపారేయను, వాళ్ల ఓర్పు నిజమైనది. కాకపోతే ఆ కథల్లో మనం వినకుండా దాటేసే సగం ఒకటుంది. అనుదీప్ గూగుల్‌లో పనిచేశారు. రెండో అటెంప్ట్‌లోనే ఐఆర్ఎస్ సాధించి, మొదటి ర్యాంకు వచ్చేనాటికి ఆ ఉద్యోగంలో ఉన్నారు. గోపాలకృష్ణ ఏళ్ల తరబడి ప్రభుత్వ ఉపాధ్యాయులు. వాళ్ల పట్టుదల కింద ఒక జీతం ఉంది, పేరు పక్కన ఒక పని ఉంది. ఒక్కో అటెంప్ట్ పోయినప్పుడు వాళ్లు పోగొట్టుకున్నది ఆ అటెంప్ట్‌నే, జీవితంలో ఒక ఏడాదిని కాదు. ఉద్యోగం వదిలి గెలిచినవారూ ఉన్నారు. ప్రకాశం జిల్లాలో కానిస్టేబుల్ ఉద్యోగానికి రాజీనామా చేసిన ఉదయ్ కృష్ణారెడ్డికి సివిల్స్ 2023లో 780వ ర్యాంకు వచ్చింది. అది జరిగింది, జరుగుతుంది. కానీ అలాగే రాజీనామా చేసి ర్యాంకు రానివారి ఇంటికి ఏ విలేకరీ వెళ్లడు, ఏ కోచింగ్ సెంటరూ వాళ్ల ఫొటో ఫ్లెక్సీ మీద వేయదు. గెలిచినవారిని మాత్రమే చూసి గెలుపుకు ఏది కారణమో తేల్చలేం, ఎందుకంటే ఓడినవారిలోనూ అదే పట్టుదల ఉండి ఉండవచ్చు. ఇందులోంచి తీసుకోదగ్గ పాఠం, నా ఉద్దేశంలో, కొనసాగడానికీ ఆపడానికీ మధ్య మూడో దారి ఉందని. ఒక పనిలో చేరి చదవడం. చదివే గంటలు తగ్గుతాయి, నిజమే. ఎనిమిదేళ్లుగా అవే పుస్తకాలు చదువుతున్నవారికి కొరత గంటలదేనా అన్నది వాళ్లే నిజాయితీగా చెప్పుకోవాలి.

రెండో అభ్యంతరం ఇంకా బరువైనది. ‘ముప్పై దాటాక, ఇంత గ్యాప్ పెట్టుకుని వెళ్తే ఎవరు తీసుకుంటారు? మళ్లీ సున్నా నుంచి మొదలుపెట్టాలా?’ ఇందులో ఉన్న నిజాన్ని దాచడం నాకిష్టం లేదు. రాజ్యాంగ అధికరణలు కంఠతా వచ్చినందుకు ప్రైవేటు కంపెనీ జీతం ఇవ్వదు. మొదటి జీతం కాలేజీలో మీ పక్క బెంచీ వాళ్లు ఇప్పుడు తీసుకుంటున్నదానిలో నాలుగో వంతు కావచ్చు. ఆ అవమానం కొన్నాళ్లు ఉంటుంది. కానీ సున్నా అన్న మాట సరికాదు. నూట యాభై పేజీల నివేదిక చదివి సారాంశం రెండు పేజీల్లో పెట్టగలగడం, బడ్జెట్ పత్రం చూసి బెదరకపోవడం, ఒక సమస్యను నాలుగు వైపుల నుంచి రాయగలగడం పత్రికల్లో, స్వచ్ఛంద సంస్థల్లో, పరిశోధన సంస్థల్లో, బోధనలో పనికొస్తాయి. చెప్పుకుంటే చాలదు, చూపించాలి. అందుకని మీ జిల్లా తాగునీటి పథకం మీదో, స్థానిక సంస్థల నిధుల మీదో పది పేజీలు రాసి దగ్గర పెట్టుకోండి. ఇంటర్వ్యూ దాకా వెళ్లి ఆగినవారికి ఇంకో వీలుంది. ఒప్పుకున్న అభ్యర్థుల వివరాలను యూపీఎస్సీ ‘ప్రతిభా సేతు’ అనే పోర్టల్ ద్వారా ఉద్యోగాలిచ్చే సంస్థలకు అందిస్తోంది. ఇక గ్రూప్-1కు చదివి గ్రూప్-3లో చేరడాన్ని చిన్నతనంగా చూసే అలవాటు మన స్టడీ హాళ్లలో ఉంది. అది పోవాలి. చేతిలో పోస్టు ఉన్నవారికి పై పరీక్ష రాసే హక్కు ఎక్కడికీ పోదు.

అమ్మాయిల విషయం విడిగా చెప్పాలి. చాలా ఇళ్లలో ‘పరీక్షకు చదువుతోంది’ అన్న ఒక్క మాటే పెళ్లి సంబంధాలను రెండేళ్లు ఆపుతుంది, హైదరాబాద్‌లోనో విజయవాడలోనో హాస్టల్ గదిని నిలబెడుతుంది. అబ్బాయి ప్రిపరేషన్ ఆపితే ఉద్యోగం వెతుక్కుంటాడు, అమ్మాయి ఆపితే ఇంటికి రమ్మంటారు. కాబట్టి ఆమెకు కొనసాగడం కొన్నిసార్లు ర్యాంకు కోసం కాదు, తన జీవితం తన చేతిలో ఉండటం కోసం. అలాంటప్పుడు మార్కుల లెక్క ఆమెకు తప్పుడు జవాబు ఇస్తుంది. ఆమె ముందుగా చూసుకోవాల్సింది ఆ ఊళ్లోనే ఉండనిచ్చే జీతం. అది చేతికొచ్చాక అటెంప్ట్ సంగతి స్థిమితంగా తేల్చుకోవచ్చు.

నిర్ణయం ఎలా తీసుకోవాలన్నది ఇక మిగిలింది. యూపీఎస్సీ జనరల్ అభ్యర్థులకు 32 ఏళ్లు, ఆరు అటెంప్ట్‌లు అని గీత గీసింది. ఓబీసీలకు 35 ఏళ్లు, తొమ్మిది అటెంప్ట్‌లు. ఎస్సీ, ఎస్టీలకు 37 ఏళ్ల దాకా ఎన్నిసార్లయినా. తెలంగాణలో యూనిఫాం లేని పోస్టులకు గరిష్ఠ వయసును 2024లో 46 ఏళ్లకు పెంచారు. నోటిఫికేషన్లు రాక వయసు దాటిపోయినవారికి అది అవసరమైన ఊరట. కానీ ఆ నియమం చెప్పింది 46 ఏళ్ల దాకా రాయవచ్చు అని, రాయాలి అని కాదు. ప్రభుత్వం గీయని గీతను ఎవరికి వారే గీసుకోవాలి. నా సూచన ఇది. ఫారం నింపడానికి కనీసం నెల ముందు ఒక రోజు కేటాయించి కాగితం మీద నాలుగు సంగతులు రాయండి. గత అటెంప్ట్‌లలో కటాఫ్‌కు మీ దూరం. ఈసారి మార్చబోయే ఒక్క విషయం. ప్రిలిమ్స్‌కు రెండు నెలల ముందు టెస్ట్‌లలో ఎంత వస్తే ఆ మార్పు పనిచేసినట్టు. అది రాకపోతే ఏ నెల నుంచి ఏ పని వెతకడం మొదలుపెడతారు. నాలుగోది రాయడం కష్టం, అక్కడే చాలామంది కలం ఆగుతుంది. ఆగితే పరీక్ష మాట పక్కన పెట్టి, మూడు నెలలు సగం రోజు ఏదైనా పని చేసి చూడండి. తెలియని జీవితాన్ని తెలిసిన కష్టంతో పోల్చుకుంటే తెలిసిన కష్టమే ఎప్పుడూ నెగ్గుతుంది.

‘ఆపేశాక పశ్చాత్తాపపడితే?’ అన్న భయానికి కూడా కొంత జవాబుంది. ఆర్థికవేత్త స్టీవెన్ లెవిట్ ఒక వెబ్‌సైట్ పెట్టి, ఉద్యోగం మానాలా వద్దా లాంటి పెద్ద విషయాల్లో ఎటూ తేల్చుకోలేని వాళ్ల కోసం నాణెం ఎగరేయించారు. ఇరవై వేలకు పైగా నాణేలు ఎగిరాయి. ఆరు నెలల తర్వాత అడిగితే, పెద్ద విషయాల్లో మార్పు వైపు వెళ్లినవారు ఉన్నచోటే ఉన్నవారికన్నా ఎక్కువ సంతోషంగా ఉన్నామన్నారు. దీన్ని అందరికీ అంటగట్టకూడదు. ఆ వెబ్‌సైట్‌కు వచ్చింది అప్పటికే ఊగిసలాటలో ఉన్నవాళ్లు. మార్కుల దూరం ఏటా తగ్గుతూ, ఏం మార్చాలో స్పష్టంగా తెలిసినవారికి అది వర్తించదు. కానీ నెలల తరబడి ‘ఆపనా, వద్దా’ అని తిరుగుతున్నవారికి అది ఒక సంగతి చెబుతోంది: అంత ఊగిసలాటలో ఉన్నప్పుడు మనం మార్పును ఉన్నదానికన్నా ఎక్కువ భయంగా చూస్తాం.

నిర్ణయం ఏదైనా ఇంట్లో చెప్పాలి, చెప్పే సమయం కూడా ముఖ్యం. ఫలితం వచ్చిన రోజు చెబితే అమ్మానాన్నలకు అది ఓటమి మాటలా వినిపిస్తుంది, ‘ఇంకొక్కసారి రాయి నాన్నా, ఎలాగో పంపిస్తాం’ అంటారు. ఆ మాట ప్రేమతో వచ్చిందే, దానికి కాదనడం చాలా కష్టం. అందుకే పరీక్షకు ముందే, అంతా మామూలుగా ఉన్నప్పుడు ఆ కాగితం వాళ్ల ముందు పెట్టండి. నెలకు గది అద్దె ఎంత, మెస్ ఎంత, టెస్ట్ సిరీస్ ఎంత, ఇప్పటిదాకా తెచ్చిన అప్పు ఎంత, వడ్డీ ఎంత అడిగి దాని పక్కనే రాయండి. చాలా ఇళ్లలో పిల్లలకు ఈ అంకె తెలియదు, పెద్దలకు మార్కుల అంకె తెలియదు. రెండూ ఒకే కాగితం మీదకు వచ్చాక జరిగే మాటలు వేరుగా ఉంటాయి.